ఎర్ర లైటు ఆరిన తర్వాత

అలియాబాద్
12 జూలై 2004

తమ్ముడూ జనార్ధన్,

కాలు ఎట్లా ఉంది? కట్టు విప్పేదాకా మంచం దిగొద్దన్నారని నీ కొడుకు ప్రణయ్ చెప్పిపోయాడు. ఎవరికో ప్లాటు చూపించబోయి స్కూటరుతో సహా మోరీలో పడ్డావంటే అయ్యో అనిపించింది. పడుతూ కూడా చెవి దగ్గర సెల్‌ఫోను వదల్లేదని విన్నాక ఆ అయ్యో కాస్తా పోయింది. కాలు విరిగినా ఫోను విరగనివ్వలేదట. శభాష్.

మా ఇంటి ఫోను మూగపోయింది. కరీంనగర్ రోడ్డు వెడల్పు చేస్తామని తవ్వి తీగలు తెంపిపోయారు. మళ్ళీ ఎప్పుడు కలుపుతారో తవ్వినవాళ్ళకే తెలియదు. సెల్‌ఫోనును నేను గడప దాటనివ్వను. అందుకే కాగితం ముందేసుకున్నాను. ఓపికగా చదువు, మంచంలో నీకు వేరే పనేం లేదు.

నా బిడ్డ తృప్తి బాగానే ఉంది. దాని కూతురే బాగా లేదు. మేడ్చల్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఒకటే ఏడుపు. కడుపు నొప్పేమోనని వాము కాపడం పెట్టాం. దిష్టేమోనని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాం. ఒళ్ళంతా పసుపు పూసినట్టు పచ్చగా ఉంది. లేత ఎండ చూపిస్తే పోతుందన్నారు, పోవడం లేదు. తృప్తికి తొలి కాన్పు, అల్లుడు అభిలాష్ ఉద్యోగం నాగ్‌పూర్‌లో. రాత్రంతా అదే పిల్లను భుజాన వేసుకుని తిరుగుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. బాపు చేసిన పంపకాల్లో నీకొచ్చిన జాగాలో, సరిగ్గా నా పెరటి గోడకు అవతల, ఎండాకాలంలో ఒక సెల్ టవర్ నిలబెట్టించావు కదా. కిటికీ తెరిస్తే నా మనవరాలి మంచానికి ఎదురుగా అదే. పొద్దుగూకగానే గుయ్యిమని మోత, పైన ఎర్ర లైటు. ఆ లైటు వెలిగిన వేళకే పిల్ల ఏడుపు ఎక్కువవుతోంది. ఊరికే అనడం లేదు, కూర్చుని చూశాను.

కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న వీరభద్రం గారు తెలుసుగా, గుంటూరు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరరు. పాలకు మా ఇంటికే వస్తారు. ఆయన్ని అడిగాను. ఈ తరంగాలు ఎదిగే పసిపిల్లల మీద, ఒంట్లో గ్రంథుల మీద, తిన్నది ఒంటబట్టడం మీద ఏమైనా పనిచేస్తాయా అని పరిశోధనలు జరుగుతున్నాయట. కొన్ని చోట్ల ఎలుక పిల్లల్లో తేడా కనిపించిందట. ఆయన ఇంకా ఏదో చెప్పబోయారు గానీ నాకు అంతవరకు చాలు. నిప్పు లేనిదే పొగ రాదు.

ఆ టవర్ తీసేయించు. నీ మీద కోపంతో రాయడం లేదు, భయంతో రాస్తున్నాను.

నీ అక్క
విజయ


గుండ్లపోచంపల్లి
17 జూలై 2004

అక్కా,

నీ దీవెనలూ తిట్లూ ఒకే కవరులో అందాయి. తిట్లే ఎక్కువ బరువున్నాయి. నవ్వితే కాలు నొస్తుంది, అయినా నవ్వాను. ఇక్కడ గోదాములకొచ్చే లారీల హారన్లతో నాకు నిద్ర లేదు. మా ఆవిడ నన్ను పసిపిల్లను చూసినట్టు చూస్తోంది, అంటే రోజుకు రెండుసార్లు కసురుతోంది.

చిన్నపిల్లలు ఏడవక మరేం చేస్తారే? నేను పుట్టినప్పుడు వాడకట్టు మొత్తానికి నిద్ర లేకుండా చేశానని నువ్వే అందరికీ చెప్పేదానివి. అప్పుడు ఏ టవరుంది?

ఇప్పుడు నిజం చెప్తున్నాను, విను. ఆ టవర్ ఇంకా మొదలే కాలేదు. ఇనుము నిలబెట్టారు, పైన డబ్బాలు బిగించారు, అంతే. దానికి కావలసిన కరెంటు లైను రాలేదు. స్తంభాలు కూడా వేయలేదు. నువ్వు వినే మోత చిన్న జనరేటరుది. దుండిగల్ నుంచి శిక్షణ విమానాలు తిరుగుతాయి కదా, వాటికి కనపడాలని ఆ ఎర్ర బల్బు. ఆ ఒక్క బల్బు కోసం కాపలా ఉండే శ్రీనివాస్ సాయంత్రం జనరేటర్ వేస్తాడు. బల్బుకే పిల్ల ఏడుస్తోందంటే నీ ఇంట్లో దీపం కూడా పెట్టొద్దు మరి.

వీరభద్రం సారు చదువుకున్న మనిషి. ఆయన చెప్పబోయి ఆగిపోయిన ఆ రెండో మాట కూడా అడిగి రాయి. సగం విని పరేషాన్ కావడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

తొట్టెల పండుగకు నేను రాలేను. ప్రణయ్‌ని పంపిస్తాను. పిల్లకు పట్టుబట్ట, వెండి గిలక వాడి చేతికిస్తాను. నా తరఫున నువ్వే ఒకసారి ఎత్తుకుని ముద్దు పెట్టు.

ఒంటికాలి మీద నిలబడ్డ నీ తమ్ముడు
జనార్ధన్


అలియాబాద్
25 జూలై 2004

జనార్ధన్,

తొట్టెల అయింది. పిల్లకు ప్రణీత అని పేరు పెట్టాం. నీ పట్టుబట్ట బాగుంది. నీ కొడుకే బాగా లేడు.

పిల్లను తొట్టెల్లో వేసి ఆడవాళ్ళం పాట ఎత్తుకున్నామో లేదో, ప్రణయ్ జేబులో ఫోను మోగింది. తొట్టెకు మూరెడు దూరంలో. వాడు హలో అంటూ అక్కడే నిలబడ్డాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నలుగురిలో వాడి చెయ్యి పట్టుకుని గేటు బయటికి పంపాను. అన్నం కూడా తినకుండా పోయాడు. మేనబావను అట్లా పంపిస్తావా అని తృప్తి ఏడ్చింది. నాకూ బాధగానే ఉంది, కానీ చేసింది తప్పని అనను.

టవర్ మొదలే కాలేదని రాశావు. నాకు కళ్ళు లేవా, చెవులు లేవా? లైటు వెలుగుతోంది, మోత మోగుతోంది, మొదలు కాలేదట. ప్లాట్లు అమ్మేటప్పుడు రేపే బస్సొస్తుంది, ఎల్లుండే బడొస్తుంది అని చెప్తావే, ఆ నోటితోనే ఇదీ చెప్తున్నావు. నా తలనొప్పి కూడా ఎండాకాలంలోనే మొదలైంది. కోళ్ళు గుడ్లు పెట్టడం తగ్గించాయి. ఇవన్నీ నా కల్పనలేనా?

నువ్వడిగిన రెండో మాట కూడా అడిగాను. వీరభద్రం గారు అన్నారు, "కొన్నింటిలో తేడా కనబడింది, కొన్నింటిలో కనబడలేదండి. ఇంకా తేలలేదు." తేలలేదంటే లేదని కాదుగా. తేలేదాకా నా మనవరాలిని దాని ముందు పడుకోబెట్టి చూడమంటావా?

పిల్ల పాలు తాగేటప్పుడు అలసిపోతోంది. పచ్చదనం పోలేదు. నాకు వేరే దారి తోచడం లేదు. ఇగ నువ్వే చెప్పు, టవర్ ఉండాలా, అక్క ఉండాలా?

విజయ


గుండ్లపోచంపల్లి
31 జూలై 2004

అక్కా,

గెలిచావు.

కంపెనీ వాళ్ళతో మాట్లాడాను. నువ్వన్నదే నిజమట, నాకు తెలియకుండా నెల కింద నుంచే కొద్దికొద్దిగా నడుపుతున్నారట. మా అక్క ఇంట్లో పసిపిల్ల ఉంది, ఆపకపోతే జాగా ఖాళీ చేయండని గట్టిగా చెప్పాను. సోమవారం నుంచి బంద్. ఎర్ర లైటు వెలగదు, మోత ఉండదు. నువ్వే పెరట్లో నిలబడి చూసుకో.

ప్రణయ్ సంగతి వదిలెయ్. వాడికి కోపం లేదు. "అత్తమ్మ శెయ్యి మస్తు గట్టిది" అని నవ్వుతున్నాడు.

ఇప్పుడైనా నిమ్మళంగా నిద్రపో. నీకు నిద్ర లేకపోతే నాకు తిట్లు పెరుగుతాయి.

జనార్ధన్


అలియాబాద్
9 ఆగస్టు 2004

బంగారు తమ్ముడూ,

నూరేళ్ళు బతుకు. సోమవారం సాయంత్రం నేనూ తృప్తీ పెరట్లో నిలబడి చూశాం. చీకటి పడింది, లైటు వెలగలేదు. మోత లేదు. ఎన్నాళ్ళకో కప్పల అరుపు వినపడింది. నా తలనొప్పి ఆ వారమే పోయింది.

పిల్ల సంగతి చెప్తే నువ్వు నమ్మవు. ఏడుపు లేదు. పెట్టిన చోట పెట్టినట్టే పడుకుంటోంది. పాలకు కూడా లేవదు, మనమే లేపి పట్టాలి, రెండు గుక్కలు తాగి మళ్ళీ నిద్ర. ఇన్నాళ్ళూ నిద్ర లేక అలసిపోయింది కదా, ఆ బాకీ తీర్చుకుంటోంది పాపం. నీళ్ళు పోసే బుచ్చవ్వ ఎంతమంది పిల్లలకు పోసిందో దానికే తెలియదు. "గిసోంటి బుద్ధిమంతురాలిని నేను జూడలే" అంటోంది. నీళ్ళు పోస్తుంటే కూడా ఏడవదు.

తృప్తికి మాత్రం ఏదో ఒక గుబులు. పాలు చేపుకొచ్చి నొప్పిగా ఉన్నాయట, పిల్ల తాగడం లేదట. ఏడిస్తే ఏడుస్తోందని ఏడ్చింది, నిద్రపోతే నిద్రపోతోందని ఏడుస్తోంది. తొలిచూలు తల్లులందరూ ఇంతే. దానికి నచ్చజెప్పి పడుకోబెట్టాను.

వీరభద్రం గారికి కూడా చెప్పాను, చూశారా మా తమ్ముడు టవర్ ఆపించగానే పిల్ల ఎట్లా కుదుటపడిందో అని. ఆయన తల ఊపారు. పెద్దగా సంతోషించినట్టు లేదు. చదువుకున్నవాళ్ళకు తమ పుస్తకంలో లేనిది జరిగితే అట్లాగే ఉంటుంది.

మక్క గారెలు చేశాను. పాలవ్యానులో పంపుతున్నాను. ప్రణయ్‌కి ముందు పెట్టు, వాడు నా మీద అలిగాడో లేదో గారెలు తింటేనే తెలుస్తుంది.

నీ అక్క


గుండ్లపోచంపల్లి
14 ఆగస్టు 2004

అక్కా,

గారెలు ముట్టాయి. ప్రణయ్ అలగలేదు, ఆకలిగా ఉన్నాడు. నాకు రెండే దొరికాయి.

పిల్ల నిమ్మళించినందుకు సంతోషం. ఒక్క మాట మాత్రం అడగనీ. ఎప్పుడూ పడుకునే ఉంటుందా? మా ప్రణయ్ ఆ వయసులో పాలకు ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇంటి పైకప్పు లేపేవాడు. మనం లేపి పట్టాల్సి వచ్చేది కాదు. పచ్చదనం పూర్తిగా పోయిందా? తృప్తి తాగడం లేదంటోంది అని నువ్వే రాశావు. తల్లి కదా, దానికి ఏదో తెలుస్తూ ఉండొచ్చు.

ఒకసారి డాక్టరుకు చూపిస్తే పోయేదేముంది? నా కారు ఇక్కడ ఖాళీగానే ఉంది.

కాలికి కట్టు ఇంకా ఉంది. దురద పుడితే మా ఆవిడ అల్లిక సూది లోపలికి దూర్చి గోకుతోంది. ఈ వయసులో ఇంతకంటే సుఖమేముంది?

జనార్ధన్


అలియాబాద్
20 ఆగస్టు 2004

జనార్ధన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి అర్థమైంది.

కంపెనీ వాళ్ళు నీ వెంట పడుతున్నారు కదూ? ఆపిన టవర్ మళ్ళీ నడపాలంటే, ఆపినా పిల్ల బాగుపడలేదు అని ఎవరైనా అనాలి. అందుకే ఇప్పుడు డాక్టరుకు చూపించు అంటున్నావు. ఏడ్చినన్నాళ్ళూ పిల్లలు ఏడవక ఏం చేస్తారని నవ్వావు. ఇప్పుడు ఏడవకపోతే నీకు దిగులొచ్చిందా?

పిల్ల బాగుంది. మొహం గుండ్రంగా, బుగ్గలు ఉబ్బి, చూస్తే ముద్దొస్తోంది. నాలుక కొస బయటపెట్టి అందరినీ వెక్కిరిస్తుంది. గొంతు మాత్రం కాస్త బొంగురు, ఎప్పుడైనా ఏడిస్తే మేకపిల్ల అరిచినట్టుంటుంది. అన్ని రోజులు ఏడ్చి ఏడ్చి జీరపోయిందిలే. కాళ్ళూ చేతులూ చల్లగా ఉంటున్నాయని ఊలు మేజోళ్ళు తొడిగాం. కడుపు కాస్త గట్టిగా ఉంటోంది, నాలుగైదు రోజులకు గానీ విరేచనం కాదు. పచ్చదనం కళ్ళలో కొంచెం మిగిలి ఉంది. టవర్ చేసిన చెరుపు ఒక్కరోజులో పోతుందా? మెల్లగా పోతుంది.

నిన్న వీరభద్రం గారు కూడా అదే మాట, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపిస్తే మంచిదని. మీరంతా కూడబలుక్కున్నారా? ఆసుపత్రి నిండా ఫోన్లే, మిషన్లే. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న పిల్లను వాటి మధ్యకు నేను తీసుకుపోను. తృప్తి కూడా పోదామంటూ పట్టుబట్టింది. దాన్ని కసిరాను.

నాకు అన్యాయం చేయొద్దు తమ్ముడూ. ఆ టవర్ మళ్ళీ నడిస్తే నీ గడప తొక్కను.

విజయ


గుండ్లపోచంపల్లి
23 ఆగస్టు 2004

అక్కా,

ఇది టపాలో రావడం లేదు. ప్రణయ్ తెస్తున్నాడు. కారు నీ గేటు ముందే నిలబడి ఉంటుంది. కోపం వస్తే రానీ, కారులో కూర్చున్నాక తెచ్చుకో. ముందు తృప్తినీ పిల్లనూ ఎక్కించు. సికింద్రాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గర చెప్పి ఉంచాను. లేవగలిగితే నేనే వచ్చి నీ కాళ్ళు పట్టుకునేవాణ్ణి. ఇంకా లేవలేను.

నేను నీకు అబద్ధం చెప్పాను. టవర్ ఆపించలేదు. అది నడిస్తే కదా ఆపించేది. మొదట రాసిందే నిజం, దానికి ఇప్పటికీ కరెంటు లైను రాలేదు. కావాలంటే గోడ అవతలికి పోయి చూడు, స్తంభాలు లేవు, తీగ లేదు. నువ్వు నమ్మలేదు. అక్క ఉండాలా, టవర్ ఉండాలా అన్నావు. శ్రీనివాస్‌కు చెప్పి ఆ ఎర్ర బల్బు ఒక్కటి ఆర్పించాను. నేను చేసింది అంతే. నీ మనసు కుదుటపడుతుంది, పిల్ల దానంతట అదే ఏడుపు మానుతుంది, మన మధ్య మాట మిగులుతుంది అనుకున్నాను.

పిల్ల నిమ్మళించిందని నువ్వు రాస్తే మొదట నవ్వుకున్నాను. పిచ్చి అక్క, బల్బు ఆరితే తలనొప్పి పోయిందట అని మా ఆవిడకు చదివి వినిపించాను. ఈసారి ఉత్తరం చదువుతుంటే నవ్వు రాలేదు. టవర్ ఆగింది కాబట్టి పిల్ల ఏడుపు మానింది అంటున్నావు. టవర్ ఆగలేదక్కా, ఎన్నడూ నడవలేదు. మరి పిల్ల ఎందుకు ఏడవడం మానింది? పాలెందుకు అడగడం లేదు? ఒళ్ళెందుకు చల్లబడుతోంది? ఈ సంగతి మీ ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. అందుకే నాకు ఇంత భయం.

నన్ను తర్వాత ఎన్ని తిట్లయినా తిట్టు. ఇప్పుడు లేచి చెప్పులేసుకో.

జనార్ధన్


అలియాబాద్
3 సెప్టెంబరు 2004

జనార్ధన్,

ఇంటికి వచ్చాం. నువ్వు అడుగుతావని రాస్తున్నాను, మనసు బాగుండి కాదు.

ప్రణయ్ ఇచ్చిన కాగితం చదివాను. చింపేద్దామనుకున్నాను. తృప్తి నా చేతిలోంచి తీసుకుని చదివింది. పిల్లను దుప్పట్లో చుట్టుకుని పోయి కారులో కూర్చుంది. నేను రాకపోతే అదొక్కతే పోయేది. నేనూ పోయాను.

డాక్టరమ్మ పిల్లను చూడగానే మొహం మార్చింది. నాలుక చూసింది, కడుపు చూసింది, నడినెత్తి తడిమింది, గొంతు వినాలని అరికాలు గిల్లింది. రక్తం తీశారు. గొంతు దగ్గర థైరాయిడ్ అని చిన్న గ్రంథి ఉంటుందట. మనం తాగిన పాలు ఒంటబట్టాలన్నా, ఒళ్ళు వెచ్చగా ఉండాలన్నా, ఎదగాలన్నా దానిలో ఊరే రసమే ఆధారమట. మన ప్రణీతకు ఆ గ్రంథి కడుపులో ఉన్నప్పుడే సరిగ్గా ఏర్పడలేదట. పొయ్యి సన్నగిల్లితే అన్నం ఉడకనట్టు, ఒంట్లో ఏ పనీ సాగడం లేదట. ఆమె చెప్తుంటే నేను ఇంకా బాగానే విన్నాను. అప్పుడు అంది, పసిపిల్లల మెదడు పెరగాలన్నా అదే కావాలి అని. ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను.

బుద్ధిమంతురాలు అని నేను మురిసిపోయింది ఆ రోగాన్ని చూసి. వెక్కిరిస్తోందన్న నాలుక, ముద్దొస్తోందన్న బుగ్గలు, అన్నీ అదే. తృప్తి నా వైపు తిరిగింది. "నేను మొదటి సంది చెప్తనే ఉన్న గదనే అమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

టవర్ వల్లనా అని అడిగాను. ఇంకా అడిగాను చూడు. అట్లా అని ఎవరూ తేల్చలేదమ్మా, ఇది ఎందుకు వస్తుందో చాలామందిలో కారణం దొరకదు, మీరు చేసింది గానీ చేయనిది గానీ కాదు అంది. పుట్టిన వారంలోనే రక్తం చూసి ఉంటే అప్పుడే తెలిసేదట. ఇప్పుడు రోజూ పొద్దున ఒక చిన్న మాత్ర నూరి, తల్లిపాలలో కలిపి చెంచాతో పట్టాలి. జీవితాంతం. ఒంటికి ఏ లోటూ ఉండదట. బుద్ధి సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను, కాస్త ఆలస్యమైంది, మూడేళ్ళ దాకా ఎదుగుదల చూస్తూ ఉండాలి అంది.

కాస్త ఆలస్యం. ఆ ఆలస్యం ఎవరిదో నేను ఆలోచిస్తూనే ఉన్నాను. నువ్వు బల్బు ఆర్పకపోతే నేను ఏదో ఒక డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్నేమో. నువ్వు నిజం ఒప్పుకోకపోతే ఇప్పటికీ నిద్రపోతోందనే మురిసిపోయేదాన్ని. నీ అబద్ధం వల్ల పిల్లకు చెరుపు జరిగింది, నీ అబద్ధం వల్లనే పిల్ల దక్కింది. రెండూ నిజమే. ఏది పెద్దదో తూచే ఓపిక నాకు లేదు. నా మూర్ఖత్వాన్ని తూచడానికే పొద్దు చాలడం లేదు.

టవర్‌ను తిట్టుకున్నన్నాళ్ళూ నాకు ధైర్యంగా ఉండేది. తిట్టడానికి ఎదురుగా ఒకటి ఉండేది. ఇప్పుడు ఎవరిని తిట్టాలి?

కొన్నాళ్ళు నాకు రాయకు.

విజయ


గుండ్లపోచంపల్లి
6 మార్చి 2005

అక్కా,

రాయొద్దన్నావు. ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను.

కట్టు విప్పారు, కాలు కొద్దిగా కుంటు మిగిలింది. నడవగానే మొదట మీ ఊరికే వచ్చాను. గేటు దాకా వచ్చి, లోపలి నుంచి నీ గొంతు విని తిరిగిపోయాను. పిల్లకు పాలు పడుతూ ఏదో బతిమాలుతున్నావు. నాతో ఎన్నడూ అంత మెత్తగా మాట్లాడలేదు.

పిల్ల మెడ నిలిపిందని ప్రణయ్ చెప్పాడు. ఇంకా కూర్చోవడం లేదట కదా.

టవర్‌కు కరెంటు లైను పోయిన నెల వచ్చింది. మొదలుపెడతామని కంపెనీ వాళ్ళు వచ్చారు. వద్దన్నాను. కారణం అడిగారు. మా అక్క ఇష్టపడదు అని చెప్పాను. కాగితాలు చూపించి బెదిరించారు, తర్వాత బతిమాలారు, చివరికి విసిగి శామీర్‌పేట వైపు వేరే జాగా చూసుకున్నారు. వచ్చే వారం ఇనుము విప్పుకుపోతారు. ఇది నీ మెప్పు కోసం చేయలేదు. దాన్ని చూస్తే నా బల్బే గుర్తొస్తోంది.

నువ్వు భయంతో వచ్చి అడిగితే నేను నీకు నిద్రమందు ఇచ్చినట్టు చేశాను. నిజం నమ్మేదాకా నీతో కొట్లాడాల్సింది. కొట్లాట తప్పించుకున్నాను. తప్పయింది అక్కా.

జవాబు రాయకపోయినా ఏమనుకోను.

జనార్ధన్


అలియాబాద్
29 అక్టోబరు 2006

తమ్ముడూ,

ఈ అక్షరాలు చూసి ఎవరు పోయారో అని గాబరా పడకు. అందరం బాగున్నాం. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డప్పుడు బాగున్నావా అని దాటిపోయేదాన్ని. నీ మీద కోపం ఎప్పుడో తీరింది. నా మీద నాకు తీరలేదు.

నీ టవర్ విప్పుకుపోయిన రోజు పెరట్లో నిలబడి చూశాను. సంతోషిస్తానని ఎన్నో రోజులు అనుకున్నాను, ఏమీ అనిపించలేదు. వీరభద్రం గారిని అడిగితే ఆ తరంగాల సంగతి ఇప్పటికీ తేలలేదనే అంటారు. తేలేదాకా పసిపిల్ల తలాపున ఫోను పెట్టొద్దని నేను అంటాను, అందుకు ఆయనా ఒప్పుకుంటారు. ఇప్పుడు ఆయన చెప్పేది చివరిదాకా వింటున్నాను.

ప్రణీత సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. తోటి పిల్లలు పాకుతుంటే ఇది కూర్చునేది. వాళ్ళు ఉరుకుతుంటే ఇది గోడ పట్టుకునేది. రెండో పుట్టినరోజుకు నాలుగైదు మాటలు, అంతే. మేం పోయిన ప్రతిసారీ డాక్టరమ్మ పరవాలేదనేది, చూద్దామనేది. ఆ చూద్దాం అన్న మాట విని ఇంటికొచ్చి నేను అన్నం తినేదాన్ని కాదు. తృప్తి నన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు. మాత్ర మాత్రం ఎవరినీ ముట్టనివ్వదు, పొద్దున్నే తనే నూరి పడుతుంది. నాగ్‌పూర్‌కు కాపురానికి పోయాక రోజూ ఆ వేళకు నాకు మెలకువ వచ్చేది. వేసిందో లేదో అని పడుకునే ఉండేదాన్ని.

దీపావళికి వచ్చారు. పిల్ల కాస్త మాట్లాడుతోంది, మూడు మాటలు కలిపి చెప్తోంది. అయినా నాకు లోపల ఆ గుబులే. ఏదైనా అడిగితే ఆలోచించి చెప్తుంది. ఆ ఆలోచించే సేపూ నేను లోపల అంకెలు లెక్కపెడుతుంటాను.

నిన్న మధ్యాహ్నం వంటింట్లోకి పోయాను. కింది అరలో బెల్లం డబ్బా మూత తీసి ఉంది. ప్రణీత దాని ముందు నిలబడి ఉంది. మూతి నిండా బెల్లం, చేతుల నిండా బెల్లం. "బెల్లం ఎవరు తిన్నరే?" అని అడిగాను. నా మొహం చూసింది. డబ్బా చూసింది. గౌనుతో మూతి తుడుచుకుంది. అప్పుడు చెప్పింది.

"పిల్లి తిన్నది."

"పిల్లి ఏదే?" అన్నాను.

"ఉరికింది" అని కిటికీ చూపించింది.

మా ఇంట్లో పిల్లి లేదు తమ్ముడూ. మా వాడకట్టులోనే లేదు. చేసింది తనే అని దానికి తెలుసు. చెప్తే తిట్లు పడతాయని తెలుసు. నేను చూడలేదని తెలుసు. ఏం చెప్తే నమ్ముతానో అది కూడా ఆలోచించుకుంది, అడిగితే ఇంకోటి సిద్ధంగా పెట్టుకుంది. ఇన్ని ఒక్క నిమిషంలో దాని చిన్న బుర్రలో తిరిగాయి. నేను గచ్చు మీద కూలబడి ఏడ్చాను. బెల్లం అంటిన చేతులతోనే అది నా కళ్ళు తుడిచింది. తృప్తి ఉరికొచ్చి ఏమైందని అడిగింది. పిల్లే చెప్పింది, అమ్మమ్మను పిల్లి గీరింది అని. అప్పుడు తృప్తి కూడా నా పక్కనే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద తల పెట్టుకుంది. రెండేళ్ళ తర్వాత.

ఇంత చక్కగా అబద్ధం చెప్పడం ఈ పిల్లకు ఎవరి పోలిక వచ్చిందో నాకు తెలుసు, నీకూ తెలుసు. వచ్చే వారం దాకా ఇక్కడే ఉంటారు. వచ్చి చూసిపో.

అక్క